తిరుపతికి గుడి ఎగిరిపోయిన రోజు

మామిడి సీజను మధ్యలో, జూన్ నెలలో ఒక సాయంత్రం, చిత్తూరు దగ్గరి ఒక గుజ్జు ఫ్యాక్టరీలో కాటా దగ్గర కూర్చునే గుమాస్తా నాకొక చీటీ ఫొటో పంపి, వెంటనే ఫోన్ కూడా చేశాడు. "ఏంది సార్, తిరుపతికి గుడి ఎగిరిపోయిందే!" అన్నాడు. తోతాపురి లోడు తూకం వేశాక ఇచ్చే ఆ చీటీ మీద వ్యాపారి పేరు, బరువు సరిగ్గానే ఉన్నాయి. ఊరి పేరు మాత్రం "తిరుపత" దగ్గర ఆగిపోయి, చివరి తకారానికి గుడి ఉండవలసిన చోట నల్లటి వజ్రం ఆకారంలో ఒక ప్రశ్నార్థకం అచ్చయింది. చీటీలను ఇంగ్లీషు నుంచి తెలుగులోకి మార్చిన ప్రోగ్రాం నాదే కనుక, తప్పు ఎవరిదో వెతకవలసిన అవసరం లేకపోయింది.

నేను తిరుపతిలోని బాలాజీ కాలనీలో ఒక అద్దె గదిలో కూర్చుని ఇలాంటి ఫ్యాక్టరీలకూ కొట్లకూ ప్రోగ్రాములు రాసిపెడుతుంటాను. పక్క కుర్చీలో అడగడానికి మనిషి ఉండడు. అందుకని ముందుగా మా ఊరి ప్రోగ్రామర్ల చాట్ గ్రూపులో ఆ ఫొటో పెట్టాను. పావుగంటలో గుడి మీద పది జోకులు వచ్చాయి. నేనూ నవ్వాను. ఆ తరువాత ఒకరు, "ఇది మనం ఎప్పుడో మాట్లాడుకున్నాం అన్నా, ఎవరో కోడ్ కూడా పెట్టారు" అని గుర్తు చేశారు. పెట్టిన మనిషి బెంగళూరులో ఉద్యోగం వచ్చి గ్రూపు విడిచి వెళ్లిపోయాడు. నేను ఆ మధ్య ఫోను మార్చాను. తక్కినవాళ్లు గ్రూపు నిండిపోతోందని పాత సందేశాలను తుడిచేశారు. దాదాపు ఎనభై మంది కళ్లబడిన ఆ జవాబు ఒక్కరి దగ్గర కూడా మిగలలేదు.

సరే, బహిరంగంగా అడుగుదామని ఒక ప్రశ్నోత్తరాల సైట్ కోసం ప్రశ్న రాయడం మొదలుపెట్టాను. అక్కడ నాకు పాత గాయం ఒకటి ఉంది. ఇంజనీరింగ్ చదివే రోజుల్లో తెర ఫొటో ఒకటి పెట్టి, "అర్జంట్, సాయం చేయండి" అని రాస్తే, పది నిమిషాల్లో ఆ ప్రశ్నను మూసేశారు. అప్పుడు అవమానంగా అనిపించింది. ఇప్పుడు మా జూనియర్లు ఫోనుతో తీసిన, గీతలు గీతలుగా ఉన్న తెర ఫొటోలు నాకు పంపుతుంటే, మూసినవాళ్ల మీద కోపం సగం పోయింది. మిగతా సగం అలాగే ఉంది, ఎందుకు మూశారో ఒక్క వాక్యం మర్యాదగా చెప్పి ఉండవచ్చు కదా.

ఆ దెబ్బతో నేర్చుకున్న అలవాటు ప్రకారం, ఫ్యాక్టరీ ప్రోగ్రాం అంతా పక్కన పెట్టి, తప్పు మాత్రమే కనిపించే పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో మూడు వరుసల ముక్క ఒకటి రాశాను. మొదటి వరుసలో "తిరుపతి". రెండో వరుసలో దాని పొడవు ఎంతని అడిగితే 7 అని వచ్చింది, ఎందుకంటే త, గుడి, ర, కొమ్ము, ప, త, గుడి అని యూనికోడ్, అంటే ప్రపంచ లిపుల్లోని ప్రతి గుర్తుకూ ఒక సంఖ్య ఇచ్చే ప్రమాణం, వాటిని విడివిడిగా లెక్కిస్తుంది. మూడో వరుసలో అదే పేరును యూటీఎఫ్-8 లోకి, అంటే ఆ సంఖ్యలను కంప్యూటరు దాచుకునే పద్ధతిలోకి, మార్చి బైట్లు (నిల్వలోని చిన్న గళ్లు) లెక్కపెడితే 21 వచ్చింది. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించిన ఈ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు, తెలుగులో మాత్రం గుడికీ కొమ్ముకూ కూడా మూడేసి బైట్లు కావాలి. ఫ్యాక్టరీలోని పాత ఫైలులో ఊరి పేరుకు కేటాయించిన చోటు సరిగ్గా 20 బైట్లు. ఒక్క బైటు తక్కువై గుడి విరిగింది! ప్రశ్న పూర్తి కాకముందే సగం జవాబు నా కళ్లముందే ఉంది. పరీక్షించేటప్పుడు ఇది ఎందుకు బయటపడలేదంటే, నేను ప్రతిసారీ మా సొంతూరు పాకాల పేరే కొట్టి చూసుకున్నాను, దానికి 15 బైట్లే. పీలేరుకు 18. చిత్తూరు, పుత్తూరు, కాణిపాకం తలా 24 బైట్లతో అప్పటికే చీటీల మీద తోక తెగి తిరుగుతున్నాయని ఆ రాత్రే తెలిసింది.

ఫైలులో చోటు పెంచడం పెద్ద పని కాదు. చిక్కంతా చీటీ వెడల్పుతోనే, పొడవైన పేరును ఎక్కడో ఒకచోట కోయక తప్పదు, కోసినా అక్షరం విరగకూడదు. దీనికి దేవనాగరి గురించి ఎవరో అడిగిన పాత ప్రశ్న ఒకటి వెతుకులాటలో దొరికింది. బైట్ల చొప్పున కాదు, యూనికోడ్ సంకేతాల చొప్పున కూడా కాదు, చదివేవాడు ఒక అక్షరంగా చూసే గుంపుల చొప్పున కోయాలని ఆ జవాబు సారాంశం. నేను అసలు మెచ్చుకున్నది జవాబును కాదు, దాని కింద చాలా కాలం తరువాత వేరే ఎవరో చేర్చిన సవరణను. 2023 సెప్టెంబరులో వచ్చిన యూనికోడ్ 15.1కి ముందున్న నియమం ప్రకారం పొల్లు దగ్గర గుంపు తెగిపోతుంది, కనుక "చిత్తూరు" నాలుగు ముక్కలవుతుంది: చి, త్, తూ, రు. కొత్త నియమం తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల్లో ఒత్తును విడదీయదు, కనుక చి, త్తూ, రు అని మూడే. నా దగ్గరున్న లైబ్రరీ (ఇతరులు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్) పాత నియమంతో పనిచేస్తోంది. ఆ సవరణ చూడకపోతే గుడి తప్పును దిద్ది, ఒత్తు తప్పును కొత్తగా తెచ్చిపెట్టేవాణ్ణి. (2018 ఫిబ్రవరిలో "జ్ఞా" రాసే ఒక సంకేత వరుసను చూపించబోయి ఐఫోన్‌లో యాప్‌లు కుప్పకూలిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. మన ఒత్తుల ముందు పెద్దవాళ్లూ తడబడ్డారు.)

జెఫ్ ఆట్‌వుడ్, జోయెల్ స్పోల్‌స్కీ కలిసి 2008లో ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైట్ స్టాక్ ఓవర్‌ఫ్లోను మొదలుపెట్టినప్పుడు, ఖాతా లేనివాడు కూడా వెతికి చదువుకునేటట్టు, పాత జవాబును తరువాత వచ్చినవాడు దిద్దగలిగేటట్టు ఏర్పాటు చేశారు. చాట్‌లో ఇది సాధ్యం కాదు. డిస్కార్డ్ అనే చాట్ యాప్ గ్రూపుల్లో జరిగే సంభాషణలు సాధారణంగా సెర్చ్ ఇంజిన్లకు అందవు. గ్రూపులు వద్దని నేను అనడం లేదు. ఒంటరిగా పనిచేసేవాడికి అవి మనుషుల సందడి, ఉద్యోగాల కబురు. కానీ అక్కడ దొరికిన జవాబును ఎవరో ఒకరు మోసుకొచ్చి వీధిలో పెట్టకపోతే, రెండేళ్ల తరువాత మళ్లీ అదే ప్రశ్న, మళ్లీ అవే జోకులు.

నా దగ్గర పని నేర్చుకుంటున్న చంద్రగిరి అమ్మాయి, "ఇవన్నీ ఎందుకన్నా, ఏఐని అడిగితే క్షణంలో చెప్తుంది కదా" అంది. అడిగి చూశాం. చక్కగా వివరించింది, కోడ్ కూడా ఇచ్చింది, చిత్తూరును మాత్రం నాలుగు ముక్కలే చేసింది. మేము తప్పు చూపించాక ఒప్పుకొని దిద్దుకుంది. ఆ దిద్దుబాటు మా ఇద్దరి మధ్యే ఉండిపోయింది.

అందుకని ఆ అమ్మాయి చేతనే తిరుపతి, చిత్తూరు, చంద్రగిరి ఉదాహరణలతో ప్రశ్ననూ జవాబునూ రాయించి బహిరంగంగా పెట్టించాను. అక్షరాలు విరగకుండా కోయడం వరకు కోడ్ పనిచేస్తోంది. కోసిన తరువాత కూడా "స్త్రీ" లాంటి అక్షరం చీటీ మీద ఎంత వెడల్పు పడుతుందో ముందుగా లెక్కగట్టడం మాకు ఇంకా చేతకాలేదు, ఆ సంగతి కూడా జవాబు చివర రాశాము. నిన్న కన్నడంలో బిల్లులు అచ్చువేసే ఒకాయన తనకూ ఇదే ఇబ్బంది ఉందని దాని కింద రాసి, తన ప్రింటరు చీటీ ఫొటో ఒకటి జతచేశాడు. ఈ సాయంత్రం నేనూ ఆ అమ్మాయీ కూర్చుని దాన్ని చూడాలి.