కోబర్గ్ కోట మీద మొనలేవీ?

2025లో నెలకి 58 యూరోలు పోసి కొన్న రైలు టికెట్, వాడకపోతే కడుపు మండుతుంది. జర్మనీలో నూరెంబర్గ్ నుంచి కోబర్గ్ అనే ఊరికి బయల్దేరడానికి సగం కారణం అదే. మిగతా సగం ఫోన్‌లో దాచుకున్న ఒక బొమ్మ. బ్రిటిష్ రాజకుటుంబం సేకరణలోది, పందొమ్మిదో శతాబ్దపు నీటిరంగుల చిత్రం. కింద ఊరి కప్పులు, పైన కొండ మీద కోట, దాని నెత్తిన సూదుల్లాంటి బురుజులు. విక్టోరియా రాణి 1845లో భర్త ఆల్బర్ట్‌తో మొదటిసారి ఆయన పుట్టింటి వైపు వచ్చింది. ఆ మురిపెంలో ఇలాంటి బొమ్మలు చాలానే గీయించి ఆల్బముల్లో పెట్టుకుంది.

మార్కెట్ చౌకు మధ్యలో ఆల్బర్ట్ విగ్రహం. 1865లో ఆవిష్కరించినప్పుడు రాణి కూడా వచ్చిందట. ఎందుకో నవ్వొచ్చింది. మా విశాఖ వన్‌టౌన్‌లో నేను ట్యూషన్‌కి పోతూ రోజూ దాటిన విగ్రహం ఈయన భార్యదే. ఆవిడ అక్కడ సముద్రపు ఉప్పుగాలిలో, ఈయన ఇక్కడ చలిలో.

విగ్రహం పక్కనే సాసేజ్ బండి. కోబర్గ్ సాసేజ్‌ని బొగ్గుల మీద కాదు, పైన్ కాయల మంట మీద కాలుస్తారు. పొగ కళ్ళలోకి కొడుతోంది, వాసన మాత్రం దేవదారు అడవి తగలబడినట్టుంది. బన్ను గుప్పెడంత, సాసేజ్ జానెడు దాటింది. రెండు వైపులా వేలాడుతూ ఉంటే ఎక్కణ్ణుంచి కొరకాలో తెలియలేదు. నాలుగు యూరోల పైచిలుకు. మన డబ్బుల్లో లెక్కేయకూడదనుకుంటూనే వేశాను.

తర్వాత హోఫ్‌గార్టెన్ తోటలోంచి కొండెక్కాను. మోకాళ్ళు మొరాయించాయి. పైకి చేరి ఫోన్ తీసి పోల్చి చూస్తే, బొమ్మలోని సూది బురుజులు ఒక్కటీ లేవు. రాణిగారిని మెప్పించడానికి చిత్రకారుడు కోటకి కిరీటాలు తగిలించాడన్నమాట! ఇంత దూరం వచ్చింది ఇందుకా అని ఒళ్ళు మండింది.

బెంచీ మీద కుక్కతో కూర్చున్న ఒక పెద్దాయన నా ఫోన్‌లోకి తొంగి చూశాడు. నా అరకొర జర్మన్‌కి సరిపోయేలా నెమ్మదిగా చెప్పాడు: "బొమ్మ తప్పు కాదండీ. కోటే మారింది."

1838 నుంచి ఇక్కడి డ్యూకులు కోట మరింత పాతగా, గోతిక్‌గా, అంటే మధ్యయుగాల నాటి మొనదేలిన కట్టడంలా కనబడాలని మొనలూ అలంకారాలూ కొత్తగా కట్టించారట. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బోడో ఎబ్‌హార్ట్ అనే వాస్తుశిల్పి వచ్చి, ఇవి నకిలీ పాతవంటూ తీసేయించి, తను అసలు పాతదనుకున్న రూపంలో మళ్ళీ కట్టాడు. అంటే 1530లో క్రైస్తవ మత సంస్కర్త మార్టిన్ లూథర్ తలదాచుకున్న కోటా, రాణి చూసిన కోటా, నా ఎదుటున్న కోటా మూడూ మూడు రకాలు.

"మరి ఏది అసలుది?" అన్నాను.

పెద్దాయన భుజాలు ఎగరేశాడు. ఈలోగా కుక్క నా జేబులోని నూనె కాగితాన్ని లాక్కుపోయింది.