గోల్కొండలో ఆ చీకటి గది

నాన్న పోయి ఎనిమిది నెలలు. ఆపరేషన్ బాగా జరిగిందన్నారు, మూడో రోజు తెల్లవారుజామున పోయారు. అప్పటి నుంచి నేను పూజగది వైపు వెళ్లడం మానేశాను. దీపం అమ్మే పెడుతోంది.

నిన్న అక్క పిల్లల్ని గోల్కొండ తీసుకెళ్లాను. ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలాహిస్సార్ దాకా వినిపిస్తుందని వాళ్ల గోల వాళ్లది. నేను మాత్రం రామదాసు బందీఖానా దగ్గర ఆగిపోయాను. గోడ మీద ఆయన చెక్కినవని చెప్పే బొమ్మలు. 12 ఏళ్లు ఉన్నాడంటారు. భద్రాచలంలో గుడి కట్టినందుకు జైలా! (ప్రభుత్వ సొమ్ముతో కట్టాడనుకోండి, అది వేరే సంగతి.)

ఆయనకీ కోపం వచ్చింది కదా. సీతమ్మకు చేయించిన నగల ఖర్చు లెక్క చెప్పి మరీ రాముణ్ణి నిలదీశాడు. తర్వాత దెబ్బలకు తాళలేక తిట్టానని బతిమాలుకున్నాడు. నమ్మకం లేనివాడు అంత చనువుగా తిట్టగలడా?

రాత్రి పూజగదిలో కూర్చున్నాను. దణ్ణం పెట్టలేదు. "మా నాన్నని ఎందుకు తీసుకెళ్లావు?" అని గట్టిగానే అడిగాను. జవాబేమీ రాలేదు. అమ్మ వచ్చి, నన్నేమీ అడక్కుండా ఒత్తి కాస్త ఎగదోసి వెళ్లింది.