103 క్యాప్‌లు, సున్నా క్యాప్‌లు: జాతీయ జట్టు కోచ్‌కి ఆడిన అనుభవం ఎంతవరకు అక్కరకొస్తుంది?

1990 నుంచి 2022 దాకా ఫుట్‌బాల్ ప్రపంచకప్ గెలిచిన కోచ్‌లు తొమ్మిది మంది. సొంత దేశపు సీనియర్ జట్టుకి వాళ్లు ఆడిన మ్యాచ్‌లు (వీటినే క్యాప్‌లంటారు) వరుసగా ఇవీ: బెకెన్‌బావర్ 103, పరేరా 0, జాకే 2, స్కోలారి 0, లిప్పి 0, డెల్ బోస్కే 18, లోవ్ 0, డెషాంప్స్ 103, స్కలోని 7.

పెద్ద ఆటగాడే పెద్ద కోచ్ అవుతాడనేవాళ్లు ఇందులో రెండు 103లని చూపిస్తారు. అక్కర్లేదనేవాళ్లు నాలుగు సున్నాలని చూపిస్తారు. నాకు రెండూ తొందరపాటు వాదనలుగానే కనిపిస్తాయి. సున్నా ఉన్న నలుగురిలో స్కోలారి, లిప్పి, లోవ్ క్లబ్బుల్లో ఏళ్ల తరబడి ఆడినవాళ్లే. ప్రొఫెషనల్ ఆట అసలే ఆడనివాడు పరేరా ఒక్కడు. అతను ఫిట్‌నెస్ శిక్షణ వైపు నుంచి వచ్చాడు. 1970లో కప్పు గెలిచిన బ్రెజిల్ సిబ్బందిలో పనిచేశాడు, 1982లో కువైట్‌ని, 1990లో యూఏఈని ప్రపంచకప్‌లో నడిపాడు. 1994 నాటికి అతని దగ్గర లేనిది క్యాప్ మాత్రమే. ఇక డెషాంప్స్ సంగతి. 1998లో కెప్టెన్‌గా కప్పెత్తి నేరుగా ఫ్రాన్స్ కోచ్ కుర్చీలో కూర్చోలేదు. మొనాకోని 2004 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ దాకా తీసుకెళ్లాడు, రెండో డివిజన్‌కి పడిపోయిన యువెంటస్‌ని పైకి తెచ్చాడు, 2010లో మార్సెయ్‌కి లీగ్ గెలిపించాడు. జాతీయ జట్టు చేతికొచ్చింది 2012లో.

ఆటగాడిగానూ కోచ్‌గానూ ప్రపంచకప్ గెలిచినవాళ్లు ముగ్గురే: జగాలో, బెకెన్‌బావర్, డెషాంప్స్. కోచింగ్ అనుభవం లేకుండా పగ్గాలు పట్టినవాడు వీళ్లలో బెకెన్‌బావర్. 1984లో పశ్చిమ జర్మనీ బాధ్యత తీసుకునేటప్పటికి కోచింగ్ లైసెన్స్ లేదు కాబట్టి మామూలు పదవి పేరు ఇవ్వకుండా 'టీమ్‌షెఫ్' (జట్టు పెద్ద) అన్నారు. లైసెన్సున్న కోచ్‌ని పక్కన పెట్టుకుని నడిపాడు. ఆరేళ్లలో రెండు ఫైనళ్లు, ఒక కప్పు. అతన్ని చూపించి మరో స్టార్‌కి అలాగే జట్టు అప్పగించే సమాఖ్యలు పక్కనున్న ఆ రెండో కుర్చీని మర్చిపోతాయి.

అసలు జాతీయ కోచ్ రోజువారీగా చేసే పనేమిటో చూస్తే ఆట అనుభవం ఎక్కడ పనికొస్తుందో తేలుతుంది. ఫిఫా విండో, అంటే క్లబ్బులు ఆటగాళ్లని జాతీయ జట్లకి వదిలే గడువు, మామూలుగా సోమవారం మొదలై మరుసటి మంగళవారం ముగుస్తుంది. అందులో రెండు మ్యాచ్‌లు. మొదటిది శుక్రవారం అనుకుందాం. ఆదివారం రాత్రి క్లబ్‌కి 90 నిమిషాలు ఆడినవాడు సోమవారం సాయంత్రం క్యాంపుకి చేరతాడు. మంగళవారం అతనికి సైకిలు, మసాజు, కాస్త నడక. బుధవారం అందరూ కలిసి చేసే అసలు సెషన్ గంట పైచిలుకు. గురువారం మ్యాచ్ మైదానంలో తేలికపాటి సాధన. అంటే పూర్తి జట్టుతో గట్టిగా పనిచేసే అవకాశం ఒక్క బుధవారమే. శనివారం ఆడినవాళ్లకి కోలుకునే రోజు, ఆదివారం ప్రయాణమో సగం సెషనో, సోమవారం మళ్లీ తేలిక, మంగళవారం రెండో మ్యాచ్.

ఆ ఒక్క బుధవారంలో పట్టే విషయాలు మూడే. బంతి పోగానే ఎవరు ముందుకెళ్లి అడ్డుకోవాలి, ఎవరు వెనక్కి తగ్గాలి. మన గోల్‌కిక్ నుంచి ఆటని ఎలా కట్టుకురావాలి. కార్నర్లు, ఫ్రీకిక్‌లు. క్లబ్బులో ఆరు నెలలు పట్టే ప్రెసింగ్ పద్ధతిని (బంతి ఉన్న ప్రత్యర్థి మీద కలిసికట్టుగా ఒత్తిడి పెట్టడాన్ని) ఇక్కడ నేర్పబోతే, ఆటగాడు తన క్లబ్ అలవాటుకీ కొత్త సూచనకీ మధ్య అర సెకను తటపటాయిస్తాడు. గోల్ పడేది ఆ అర సెకనులోనే.

అందుకే జాతీయ జట్లకి సెట్‌పీస్‌లు, అంటే ఆగిన బంతితో మొదలయ్యే కార్నర్లు, ఫ్రీకిక్‌లలాంటివి, అంత గిట్టుబాటు. 2018 ప్రపంచకప్‌లో కోచ్ సౌత్‌గేట్ కింద ఇంగ్లండ్ కొట్టిన 12 గోల్స్‌లో 9 పెనాల్టీలతో కలిపి సెట్‌పీస్‌ల నుంచే వచ్చాయి. అదే టోర్నీలో ఫ్రాన్స్ సంగతీ అంతే: క్వార్టర్‌ఫైనల్లో ఫ్రీకిక్‌కి వరాన్ తల, సెమీస్‌లో కార్నర్‌కి ఉమ్టిటి తల, ఫైనల్లో గ్రీజ్‌మన్ ఫ్రీకిక్ నుంచి వచ్చిన సెల్ఫ్ గోల్. ఇదంతా ఇరవై నిమిషాల చొప్పున విసుగు లేకుండా రిహార్సల్ చేయించే పని. ఆడేరోజుల్లో మీకెన్ని క్యాప్‌లున్నాయని ఇది అడగదు.

మరి క్యాప్‌లు దేనికి పనికొస్తాయి? మొదటి మీటింగుకి. ఇరవై ఆరుగురు పేరున్న ఆటగాళ్లు కూర్చున్న గదిలో డెషాంప్స్ మాట్లాడితే 'ఈయనకేం తెలుసు' అన్న చూపు ఉండదు. స్టార్‌ని బెంచీ మీద కూర్చోబెట్టిన రోజున ఆ పరపతి కొంత కాపు కాస్తుంది. పెనాల్టీ షూటౌట్ ముందు ఎవరి కాళ్లు వణుకుతున్నాయో పసిగట్టడం కూడా ఆ చోట నిలబడ్డవాడికి సులువే కావచ్చు. కానీ ఈ పరపతి మొదటి రెండు మూడు విండోల దాకానే నడుస్తుంది. ఆ తర్వాత ఆటగాళ్లు చూసేది సెషన్ పద్ధతిగా ఉందా, ప్రత్యర్థి గురించి చెప్పింది మైదానంలో నిజమైందా అనే.

2010 అర్జెంటీనా దీనికి తిరుగులేని ఉదాహరణ. మారడోనాకి 91 క్యాప్‌లు, ఒక ప్రపంచకప్, దేశమంతా దేవుడన్న పేరు. కోచ్‌గా అంతకుముందు ఉన్నది మాత్రం తొంభైల్లో రెండు క్లబ్బుల్లో కొద్దికాలపు పని. క్వాలిఫయింగ్‌లో లాపాజ్‌లో బొలీవియా చేతిలో 6-1. ఇంటర్ మిలాన్‌తో అప్పుడే ఛాంపియన్స్ లీగ్ గెలిచిన జనెటీ, కంబియాసోలని ప్రపంచకప్‌కి తీసుకెళ్లలేదు. కేప్‌టౌన్ క్వార్టర్‌ఫైనల్లో జర్మనీకి ఎదురుగా మిడ్‌ఫీల్డ్ కాపలా దాదాపు ఒంటరిగా మష్కెరానో మీద పడింది, సెంటర్‌బ్యాక్ ఒటమెండి రైట్‌బ్యాక్‌గా ఆడాడు. మూడో నిమిషంలోనే ఫ్రీకిక్‌కి ముల్లర్ తల, చివరికి 4-0. ఆటగాళ్లు అతన్ని ప్రేమించలేదని ఎవరూ అనలేరు. లోపం ఎంపికలోనూ అమరికలోనూ ఉంది. ఎదుటి జట్టు బెంచీ మీద ఒక్క సీనియర్ క్యాప్ కూడా లేని లోవ్ ఉన్నాడు.

ఒకప్పటి డచ్ స్టార్ స్ట్రైకర్ వాన్ బాస్టెన్ కోచింగ్ కథ ఇంత ఏకపక్షం కాదు. 2008 యూరోలో అతని నెదర్లాండ్స్ ఇటలీని 3-0తో, ఫ్రాన్స్‌ని 4-1తో చిత్తు చేసి, ఆ తర్వాత రష్యా చేతిలో 3-1తో ఇంటికెళ్లింది. రష్యా కోచ్ గూస్ హిడింక్ డచ్చివాడే, డచ్ జట్టుకి ఎన్నడూ ఆడనివాడు. కానీ 2002లో దక్షిణ కొరియాని సెమీస్‌కి చేర్చినవాడు.

ఇంతకంటే దగ్గరి ఉదాహరణ హైదరాబాద్‌లోనే ఉంది. సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా బడిపంతులు. స్థానిక జట్లకి ఆడారు గానీ భారత్ తరఫున ఆడలేదు. అలాంటి ఆయన చేతిలో జట్టు 1951, 1962 ఆసియా క్రీడల స్వర్ణాలు గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఆయన తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదు రోవర్స్ కప్పులు ఎత్తింది. 1952 హెల్సింకిలో యుగోస్లేవియా మన జట్టుని 10-1తో ఓడించాక ఆయన పాత రెండు బ్యాక్‌ల (డిఫెండర్ల) అమరికని వదిలి మూడో బ్యాక్‌ని దించారు. స్థానికంగా డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలు, బలహీనమైన కాలితోనే ఆడాల్సిన పోటీలు పెట్టించారు. బంతిని కాలికి అంటించుకుని తిరిగేవాడికి పాస్ ఇవ్వక తప్పని పరిస్థితి కల్పించడం అది. ఉపన్యాసం కంటే నియమం బాగా నేర్పుతుందని బడిలో పాఠం చెప్పినవాడికి తెలిసినంతగా మరొకరికి తెలియదేమో.

1962 జకార్తా చూడండి. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0 ఓటమి. తర్వాత థాయ్‌లాండ్‌తో ఆడుతూ డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి గాయమైంది. వెనక వరసలో అతన్ని వాడటం కష్టమనిపించి రహీం ఫార్వర్డ్‌గా దించారు. ఫైనల్లో మళ్లీ అదే కొరియా. 2-1తో గెలిచిన ఆ మ్యాచ్‌లో ఒక గోల్ పి.కె. బెనర్జీది, రెండోది జర్నైల్‌ది. ఈ మార్పు వెనక ఉన్నది ఆటగాళ్లని ఏళ్ల తరబడి చూసిన కన్ను. మరుసటి ఏడాదే క్యాన్సర్‌తో ఆయన పోయారు.

ఈమధ్య కాలానికొస్తే భారత్‌కి కోచ్‌గా పనిచేసిన ఇగోర్ స్టీమాచ్ 1998 ప్రపంచకప్‌లో క్రొయేషియాకి కాంస్యం తెచ్చిన జట్టు డిఫెండర్, 53 క్యాప్‌లు. చెప్పుకోదగ్గ ఆట చరిత్ర లేని స్టీఫెన్ కాన్‌స్టంటైన్ కింద భారత్ 2019 ఆసియా కప్‌లో థాయ్‌లాండ్‌ని 4-1తో కొట్టింది. స్టీమాచ్ కింద తర్వాతి ఆసియా కప్‌లో మూడు మ్యాచ్‌లూ ఓడింది, ఒక్క గోల్ లేదు. దీన్నిబట్టి ఇద్దరికీ మార్కులు వేసేయడం మాత్రం న్యాయం కాదు. ప్రత్యర్థులు వేరు, ఆటగాళ్ల ఫిట్‌నెస్ వేరు. 2025లో పగ్గాలు తీసుకున్న ఖాలిద్ జమీల్ మాజీ అంతర్జాతీయ ఆటగాడే. నాకు అంతకంటే ముఖ్యంగా కనిపించేది అతను ఐజ్వాల్‌లాంటి చిన్న బడ్జెట్ క్లబ్బుకి 2016-17 ఐ-లీగ్ గెలిపించడం. ఇబ్బంది కూడా అక్కడే ఉంది: క్లబ్బులో నెలల తరబడి దొరికే సాధన జాతీయ క్యాంపులో దొరకదు. సింగపూర్ చేతిలో గోవాలో 2-1తో ఓడి 2027 ఆసియా కప్ అర్హత పోయింది.

కాబట్టి సమాఖ్య ఇంటర్వ్యూలో అభ్యర్థి ట్రోఫీల ఫొటోలు పక్కనపెట్టి కొన్ని పనులు చేయించాలి. పై విండో లెక్కతో వారం రోజుల ప్రణాళిక నిమిషాలతో సహా రాయమనాలి. బుధవారం సెషన్‌లో నాలుగో అంశం కూడా ఇరికించినవాడిని అనుమానించాలి. తొలి మ్యాచ్ ఓడితే జట్టులో ఎవరిని మారుస్తావో, ఎందుకో అడగాలి. 2022 ప్రపంచకప్‌లో అర్జెంటీనా సౌదీ చేతిలో 2-1తో ఓడాక స్కలోని తర్వాతి మ్యాచ్‌కి ఐదుగురిని మార్చాడు, పోలాండ్‌తో మూడో మ్యాచ్‌కి లౌతారోని కూర్చోబెట్టి అల్వారెజ్‌ని, అతనితోపాటు ఎంజో ఫెర్నాండెజ్‌ని మొదటి పదకొండులోకి తెచ్చాడు. సిబ్బందిగా ఎవరిని తెచ్చుకుంటావన్నది కూడా అడగాలి. స్కలోని పక్కన ఐమార్, సామ్యుయెల్, అయాలా ఉన్నారు, ముగ్గురూ ఆటగాళ్లుగా అతనికంటే పెద్దపేర్లు. తనకంటే పెద్దపేరున్నవాడిని పక్కన కూర్చోబెట్టుకోవడానికి జంకే అభ్యర్థికి 103 క్యాప్‌లున్నా నేనైతే ఓటు వేయను.