నేను కడప అన్నాను, అమ్మాయి అసింట్ అంది

మా అమ్మాయి బ్రిటన్‌లో జియాలజీ చదువుతోంది. రెండో ఏడు అయ్యాక వేసవిలో ఐదారు వారాలు కొండల్లో తిరిగి, పది పన్నెండు చదరపు కిలోమీటర్ల నేలకు సొంతంగా జియలాజికల్ మ్యాప్, అంటే ఎక్కడ ఏ రాయి ఉందో చూపే పటం, గీయాలి. చోటు కూడా తనే ఎంచుకోవాలి. ఆ మాట చెవిన పడగానే నేను "కడప!" అన్నాను.

రాళ్ల గురించి నాకు తెలిసింది తక్కువే. కడప జిల్లా వేంపల్లె పేరు మీదున్న డోలమైట్లు (సున్నపురాయిలాంటి రాళ్లు) దాదాపు 190 కోట్ల ఏళ్ల నాటివనీ, సూక్ష్మజీవులు పొరలు పొరలుగా కట్టిన స్ట్రోమటోలైట్లు వాటిలో కంటికే కనిపిస్తాయనీ చదివాను. పైగా ఆ చుట్టుపక్కలే మా అమ్మ ఉంటుంది. నిజానికి అసలు కారణం ఇదే.

అమ్మాయి వారం రోజులు చదివి వచ్చింది. "నాన్నా, పడమటి వైపు పొరలన్నీ తూర్పుకి కొంచెం వాలి ఉంటాయి, అంతే. నా పన్నెండు కిలోమీటర్లలో రెండు మూడు రకాల రాళ్లే వస్తాయి. మడతలు కావాలంటే నల్లమల వెళ్లాలి. అక్కడ అడవి. రాయి సరిగా కనపడదు, పర్మిషన్లు వేరే." బేస్ మ్యాప్, అంటే రాళ్ల వివరాలు గుర్తించుకోవడానికి కింద ఆధారంగా ఉండే మ్యాప్, ఇంకో తలనొప్పి. వీళ్లు గీసేది 1:10,000 స్కేల్లో, అంటే సెంటీమీటరుకి వంద మీటర్లు. సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లు మామూలుగా దొరికేది 1:50,000లో.

ఆఖరి దెబ్బ అమ్మాయి ఓసీఐ కార్డుది (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్లకి మన దేశం ఇచ్చే కార్డు). 2021 నోటిఫికేషన్ ప్రకారం ఆ కార్డున్నవాళ్లు పరిశోధన చేయాలంటే ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. స్టూడెంట్ ప్రాజెక్టు పరిశోధన కిందికి వస్తుందా అని ఇద్దరం తలలు పట్టుకున్నాం. కార్డు వచ్చిన రోజు "ఇక మన దేశం వెళ్లడానికి ఎవర్నీ అడగక్కర్లేదు" అని అమ్మాయికి గొప్పగా చెప్పింది నేనే. చుట్టపుచూపుకి సరే, సుత్తి పట్టుకుని వెళితే లెక్క వేరన్నమాట.

చివరికి స్కాట్లాండ్ వాయవ్యాన ఉన్న అసింట్ ఖాయమైంది. దాదాపు 43 కోట్ల ఏళ్ల కిందటి భూఖండాల తోపులాటలో పాత రాళ్లు కొత్త రాళ్ల మీదికెక్కి కూర్చున్న చోటు అది. పీచ్, హార్న్ అనే ఇద్దరు సర్వేయర్లు తమ బృందంతో ఏళ్ల తరబడి తిరిగి 1907లో వెలువరించిన నివేదిక ఇప్పటికీ చదువుతారట. చెట్లు తక్కువ, రాయి బయటికే ఉంటుంది. స్కాట్లాండ్ 2003 భూ చట్టం పుణ్యమా అని, బాధ్యతగా నడుచుకుంటే చాలావరకు ఎవరి భూమిలోనైనా తిరగొచ్చు.

"అక్కడ నీకెవరున్నారే?" అన్నాను. "ఫ్రెండుతో వెళ్తున్నా. మ్యాపులు మాత్రం ఎవరివి వాళ్లవే. రోజూ ఏ వైపు వెళ్తున్నామో, ఎప్పటికి తిరిగొస్తామో రాసిపెట్టి వెళ్తాం" అంది. నా టెన్షన్ పూర్తిగా తగ్గలేదు. సందు దొరికితే చాలు కుట్టే మిడ్జ్ దోమల గురించి చదివాక ఇంకొంచెం పెరిగింది.

ఈ సంగతి మా అమ్మకి చెప్పే పని అమ్మాయికే వదిలేశాను. ఫోన్లో తన వచ్చీరాని తెలుగులో, "అవ్వా, మీ కొండలు అన్నీ ఒక్క వైపే వాలినాయి, అందుకే రాలేదు" అంది.

"వాలితే ఏమి? పడిపోలేదు కదా!" అంది అమ్మ.