చూసినందుకు కూడా డబ్బులా?

"చూడ్డానికే 160 డాలర్లా అన్నా? మన ఆటోనగర్‌లో అయితే బానెట్ ఎత్తి ఊరికే చెప్పేసేవాళ్లు."

మొన్న డాలస్‌లో నేను మెకానిక్‌గా పనిచేసే షాపులో, కారులో లోపం ఎక్కడుందో వెతికే ఫీజు గురించి ఒక తెలుగాయన నాతో అన్న మాట ఇది. గుంటూరు వైపు మనిషి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. డాలస్ చుట్టుపక్కల మనవాళ్లు చాలామంది ఉన్నారు, నేనిక్కడ పని చేస్తున్నానని తెలిసి వెతుక్కుంటూ వస్తారు. ఆయన చనువుగానే అన్నాడు, కోపంగా కాదు. కానీ ఆటోనగర్ పేరెత్తాడు. నేను పని నేర్చుకున్నది విజయవాడ ఆటోనగర్‌లో, మా మేనమామ షెడ్డులో. అందుకే ఆ మాట నన్ను వదలడం లేదు.

ఆయనది 2005 మోడల్ కారు. కాలేజీకి వెళ్లే కొడుక్కి ఇద్దామని అట్టే పెట్టుకున్నాడు. చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. టెక్సస్‌లో 2025 జనవరి నుంచి మామూలు కార్లకు సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు గానీ డాలస్, కాలిన్, డెంటన్, టారెంట్ లాంటి కౌంటీల్లో ఎమిషన్స్ టెస్టు, అంటే కాలుష్య పరీక్ష, అలాగే ఉంది. రెండేళ్ల నుంచి 24 ఏళ్ల దాకా వయసున్న పెట్రోలు కార్లన్నీ చేయించుకోవాలి. లైటు వెలుగుతుంటే ఫెయిల్, ఫెయిలైతే రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఆగుతుంది.

ముందు స్పేర్ పార్టుల దుకాణానికి వెళ్లాడట. అక్కడ కారు కంప్యూటర్‌లో నమోదైన లోపం కోడ్ ఉచితంగా చదివి చెబుతారు. పీ0442 వచ్చింది, అంటే పెట్రోలు ఆవిరిని పట్టి ఉంచే ఇవాప్ సిస్టమ్‌లో చిన్న లీకు. కౌంటర్లో కుర్రాడు ట్యాంకు మూత మార్చి చూడమన్నాడు. మార్చాడు, కొన్నాళ్లకు మళ్లీ లైటు. యూట్యూబ్ చూసి అదే సిస్టమ్‌లోని పర్జ్ వాల్వ్ తెప్పించుకుని తనే బిగించుకున్నాడు. మళ్లీ లైటు. ఆ రెండింటికీ పెట్టిన డబ్బు మా ఫీజుకు ఇంచుమించు సరిపోతుంది. అయినా దాని గురించి ఆయన ఒక్క మాట అనలేదు. వస్తువు చేతికొచ్చింది కాబట్టి ఆ డబ్బు దండగ అనిపించలేదు.

ఈ ఇవాప్ గురించి కాస్త చెప్పాలి. బండి కదలకపోయినా ట్యాంకులో పెట్రోలు ఆవిరవుతూనే ఉంటుంది. ఆ ఆవిరిని గాల్లోకి పోనివ్వకుండా బొగ్గు నింపిన డబ్బాలో పట్టి ఉంచుతారు. దాన్నే కానిస్టర్ అంటాం. ఇంజిన్ నడుస్తున్నప్పుడు పర్జ్ వాల్వ్ తెరుచుకుంటే ఇంజిన్ ఆ ఆవిరిని లాక్కుని కాల్చేస్తుంది. అమెరికా అంతటా 1971 మోడళ్ల నుంచే ఈ ఆవిరిని పట్టే ఏర్పాటు ఉంది. 1996లో ఓబీడీ-2, అంటే కారు తన లోపాలు తనే కనిపెట్టే పద్ధతి, వచ్చాక లీకుందో లేదో కారే పరీక్షించుకుంటోంది. పీ0442 కోడ్ అంటే దాదాపు ఒక మిల్లీమీటరు రంధ్రం. పీ0456 అయితే అందులో సగం. మన దగ్గర పొల్యూషన్ చెక్ అంటే సైలెన్సర్లో గొట్టం పెట్టి చూడటం. ఇక్కడ బండి ఆగి ఉన్నప్పుడు ట్యాంకులోంచి పోయేదానికి కూడా లెక్క ఉంది. ఆ ఆవిరి, బండ్ల పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లు కలిసి ఎండలో నేల దగ్గర ఓజోన్ తయారవుతుంది. డాలస్‌లో ఎండాకాలమంతా ఓజోన్ హెచ్చరికలు వినేవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు.

కోడ్ లీకుందని చెబుతుంది గానీ ఎక్కడుందో చెప్పదు. ముందు ఇంజిన్ దగ్గర నుంచి వెనక ట్యాంకు దాకా గొట్టాలు, వాల్వులు, జాయింట్లు, ఇరవై ఏళ్ల నాటి రబ్బరు. కంటికి కనిపించని రంధ్రం కోసం అదంతా వెతకాలి. సైకిల్ ట్యూబును నీళ్లలో ముంచి బుడగ ఎక్కడొస్తుందో చూసినట్టు, ఇక్కడ స్మోక్ మెషీన్‌తో పొగ ఎక్కించి ఎక్కడ బయటికొస్తుందో చూస్తాం. చెప్పినంత సులువు కాదు. కానిస్టర్‌కు బయటి గాలి అందించే వెంట్ వాల్వ్ మామూలుగా తెరిచే ఉంటుంది. స్కానర్‌తో ఆర్డరిచ్చి దాన్ని ముందు మూయాలి. మూయకపోతే పొగంతా అటు నుంచే వస్తుంది, కానిస్టర్ పోయిందనుకుని మంచి కానిస్టర్‌ను మార్చేస్తారు. పొగ ప్రెషర్ అర పీఎస్ఐ దాటకూడదు, దాటితే ట్యాంకూ సెన్సరూ దెబ్బతింటాయి. టైర్లకు గాలి కొట్టే కంప్రెసర్‌తో చేసేవాళ్లను చూశాను. పెట్రోలు ఆవిరి ఉన్న చోట అది చాలా ప్రమాదం.

కారును లిఫ్ట్ ఎక్కించి, పొగ ఎక్కించి, లైటు పట్టుకుని కింద ఒక్కో జాయింటూ చూసుకుంటూ వెనక్కి వెళ్లాను. కానిస్టర్ దగ్గర ఏమీ లేదు. ట్యాంకు మీద కూడా లేదు. చాలాసేపటికి వెనక చక్రం పైనున్న ప్లాస్టిక్ లైనర్ అంచు నుంచి సన్నగా తెల్లటి పొగ కనబడింది. లైనర్ విప్పితే గట్టిపడిన బురద, దాని వెనక పెట్రోలు పోసే గొట్టం. పట్టీ బిగించిన చోట తుప్పు పొక్కులు లేచి ఉన్నాయి. వేలితో రుద్దితే పొర రాలి, రంధ్రం బయటపడింది. డాలస్ బండికి ఈ తుప్పెక్కడిదని అడిగితే, మొదటి కొన్నేళ్లు మిషిగన్‌లో ఉన్నామన్నాడు. అక్కడ మంచుకు రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అదే తినేసింది. కొత్త మూతా కొత్త వాల్వూ దీన్ని ఎలా ఆపుతాయి?

ఆయనకు ఎక్కువనిపించిన 160 డాలర్లు ఈ వెతుకులాటకే. అదంతా నా జేబులోకి వచ్చేది కాదు. మా షాపులో మెకానిక్‌కు ఫ్లాట్ రేట్, అంటే ఒక్కో పనికి పుస్తకంలో రాసినన్ని గంటలకే జీతం. వెతకడానికి ఒక గంట ఇస్తారు. అంతకు మించి పడితే ఆ టైము నాదే. పనిముట్లు కూడా షాపు ఇవ్వదు, స్పానర్ల నుంచి స్కానర్ దాకా మేమే కొనుక్కోవాలి. వారం వారం టూల్ ట్రక్ వాడు వచ్చి వాయిదా వసూలు చేసుకుంటాడు. మెకానిక్కులకిచ్చే ఏఎస్ఈ సర్టిఫికెట్ నిలబెట్టుకోవాలంటే ఐదేళ్లకోసారి మళ్లీ పరీక్ష.

మా మామ లారీ ఇంజిన్ మీద పొడవాటి స్క్రూడ్రైవర్ ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, ఏ బేరింగ్ పోయిందో చెప్పేవాడు. ఎన్నో ఏళ్ల పని తర్వాత వచ్చిన చెవి అది. దానికి ఎవరూ పైసా ఇవ్వలేదు. ఆయన చెప్పింది విని, టీ తాగి, పక్క షెడ్డులో తక్కువకు చేయించుకున్నవాళ్లు ఉన్నారు. చూసినందుకు రాని డబ్బు ఎక్కడో ఒకచోట రావాలి కదా. సామాన్ల బిల్లులో కాస్త వేసుకునేవాడు. అది తెలిసినవాళ్లు మెకానిక్కులంతా దొంగలనేవాళ్లు. ఆ మాట పడ్డ ఇంట్లో పెరిగాను కాబట్టే, ఇక్కడ బిల్లు మీద మొదటి లైనులోనే డయాగ్నసిస్ అని విడిగా రాయడం నాకు గౌరవంగా అనిపిస్తుంది.

ఆటోనగర్ గొప్పదనం ఇంకొకటి ఉంది, అది ఇక్కడ లేదు. అక్కడ బండి ఓనర్ స్టూలేసుకుని పక్కనే కూర్చుంటాడు, ఏ బోల్టు ఊడిందో ఏ ముక్క మారిందో కళ్లారా చూస్తాడు. ఇక్కడ ఇన్సూరెన్స్ రూల్ అని కస్టమర్‌ను పసుపు గీత దాటనివ్వరు. ఆయన లాబీలో ఏసీలో కూర్చుని కాగితం మీద 160 అన్న అంకె ఒక్కటే చూశాడు. ఆయన అలా అనడంలో తప్పు లేదనిపించింది. ఫోన్లో తీసిన పొగ వీడియో చూపించాను. రెండుసార్లు చూసి, గొట్టం మార్చమన్నాడు.

వెళ్లేముందు ఇంకోటి అడిగాడు. టెస్టుకు ముందు కోడ్ చెరిపేస్తే సరిపోయేదా అని. సరిపోదు. చెరిపితే కారులోని మానిటర్లన్నీ, అంటే కారు తనను తాను చూసుకునే పరీక్షలన్నీ, మళ్లీ మొదటికొస్తాయి. టెస్టు నాటికి 2001, ఆ తర్వాతి మోడల్ కార్లకు వాటిలో ఒక్కటి మాత్రమే పూర్తి కాకుండా ఉండొచ్చు. ఇవాప్ మానిటర్ నడవాలంటే బండి రాత్రంతా చల్లారాలి, ట్యాంకు మరీ ఖాళీగానూ మరీ నిండుగానూ ఉండకూడదు. మన వాళ్లందరికీ ఒక మాట. బంకులో పంపు టక్కున ఆగాక రౌండ్ ఫిగర్ కోసం మళ్లీ నొక్కకండి. పొంగిన పెట్రోలు కానిస్టర్లోకి వెళ్తే బొగ్గు పాడవుతుంది, అది చాలా ఖరీదైన సామాను.

షెడ్డు ఇప్పుడు మా మామ కొడుకు చూసుకుంటున్నాడు. చూసినందుకు బిల్లులో ఒక లైను రాయమని ఫోన్లో చెప్పాను. "స్కానర్ కొన్నాక స్కానింగ్ చార్జీ అని తీసుకుంటున్నాను బావా, ఎవరూ ఏమనడం లేదు. నాన్న చూసినందుకు అని రాస్తే మాత్రం పక్క షెడ్డుకు పోతారు" అన్నాడు. మామకు డెబ్బై దాటాయి, ఇప్పటికీ పొద్దున్నే షెడ్డుకు వస్తాడు. స్కానర్‌కు దొరకని శబ్దం ఏదైనా ఉంటే ఆయన్నే పిలుస్తారు. ఆ లైను రాసే దాకా నేను అడుగుతూనే ఉంటాను.