రాత్రి ఎనిమిది తర్వాత ఆయా ఒక్కతే

పుండు నాకు కనపడలేదు. నడుం కింద, వెన్నెముక చివర ఉంది. ఒకరోజు ఒళ్లు తుడుస్తున్న పగటి ఆయా "అయ్యో టీచరమ్మా" అని ఆగిపోయింది. ఫోన్‌లో ఫొటో తీసి చూపించింది. రూపాయి బిళ్లంత ఎర్రటి గుంట, చుట్టూ చర్మం కమిలి నల్లబడింది.

అంతకు నెల ముందు బాత్రూంలో జారి పడ్డాను. కుడి తుంటి విరిగింది. బర్డ్ ఎముకల ఆసుపత్రిలో ఆపరేషన్ బాగా చేశారు. తిరుపతి ఊరి చివర నేనుంటున్న వృద్ధాశ్రమానికి పంపించేటప్పుడు డాక్టరుగారు రెండే చెప్పారు. రోజూ వాకర్ పట్టించి నడిపించాలి, మంచం మీద ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి ఒత్తిగిలించి పక్క మార్చాలి, లేకపోతే ఒకేచోట ఒత్తిడికి పుండు పడుతుంది.

ఎవరు మార్చాలి? రెండంతస్తుల్లో ముప్పై ఒక్క మందిమి. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా ఆయా ఒక్కతే. మందులివ్వాలి, డైపర్లు మార్చాలి, మతిమరుపుతో గేటు దాకా వెళ్లిపోయే పెద్దాయన్ని వెనక్కి తీసుకురావాలి. నన్ను తిప్పాలంటే ఇద్దరు కావాలి. ఒక్కతే తిప్పబోతే నొప్పికి అరిచేదాన్ని. ఎలాగో పదింటికి ఎడమవైపు తిప్పి, కాళ్ల మధ్య దిండు పెట్టి వెళ్లేది. కిటికీలోంచి కొండ మీద ఘాట్ రోడ్డు దీపాలు కనపడేవి. కాసేపటికి నేనే వెల్లకిలా జారిపోయేదాన్ని. ఇక తెల్లారేదాకా ఫ్యానే.

బెల్ కొట్టడం కూడా తగ్గించేశాను. బెడ్‌పాన్ అడగాల్సి వస్తుందని సాయంత్రం ఆరు దాటితే మంచినీళ్లు ముట్టేదాన్ని కాదు. దాంతో యూరిన్ ఇన్ఫెక్షన్, చలిజ్వరం. బెంగళూరు నుంచి మా అమ్మాయి ఫోన్ చేస్తే "బాగున్నానమ్మా" అనేదాన్ని. నాలా మంచంలో ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, దయచేసి ఆ మాట అనకండి. నీళ్లు మానకండి.

రాత్రి ఆయా మీద నాకు కోపం లేదు. పుండు చూసి "నా వల్లే అవ్వా" అని నా మంచం పట్టుకుని ఏడ్చింది. ఆమె జీతం తొమ్మిది వేలు. ఆమెతో పాటు చేసిన ఇద్దరు రేణిగుంట ఫ్యాక్టరీకి వెళ్లిపోయారు. కంపెనీ బస్సు వాళ్ల ఊళ్లోకే వస్తుంది, షిఫ్టు అయిపోగానే ఇంటికి పోవచ్చు. నర్సింగ్ చదివిన పిల్లలేమో చెన్నై, బెంగళూరు, వీలైతే గల్ఫ్. ఆశ్రమం వాళ్లు గేటుకు బోర్డు కట్టారు. వచ్చిన ఒకామె వారం ఉండి మానేసింది. తొమ్మిది వేలకు పన్నెండు గంటలు ముప్పై ఒక్క మందిని చూసుకోమంటే ఎవరుంటారు?

మా అమ్మాయి సెలవు పెట్టి వచ్చింది. గాలి పరుపు తెప్పించింది, రాత్రికి విడిగా ఒకామెను పెట్టింది. రోజూ సెలైన్‌తో కడిగి డ్రెస్సింగ్. ప్రొటీన్ లేకపోతే కండ పెరగదని డాక్టరుగారు గట్టిగా చెబితే, పుట్టి బుద్ధెరిగాక తినని గుడ్లు రోజుకు రెండు తిన్నాను. నెల తర్వాత డ్రెస్సింగ్ విప్పి "అడుగు నుంచి గులాబీ రంగు కండ వస్తోందమ్మా" అన్నారు. ఆ రాత్రి నిద్రపట్టింది. పూర్తిగా మానడానికి మూడున్నర నెలలు పట్టింది. ఇప్పుడు వాకర్‌తో వరండా చివరిదాకా వెళ్లి వస్తున్నాను.

ఇక్కడ చేరేటప్పుడు గది చూశాం, భోజనం చూశాం, పూజగది ఉందా అని అడిగాం. రాత్రి ఎంతమంది ఉంటారని నేనూ అడగలేదు, మా అమ్మాయీ అడగలేదు. అమ్మానాన్నల్ని చేర్పించాలనుకునేవాళ్లు రాత్రి తొమ్మిది దాటాక ఒకసారి వెళ్లి చూడండి.

నా ఎదురు మంచం ఆవిడకు ఎవరూ లేరు. పక్షవాతంతో ఒక పక్క పడిపోయింది. పోయిన వారం ఆవిడ మడమ ఎర్రబడటం చూశాను. వేలితో నొక్కినా ఆ ఎరుపు పోలేదు, పుండు మొదలవుతోందన్నమాట. ఆవిడను తిప్పే బలం నాకు లేదు. పిక్క కింద దిండు పెట్టి, మడమ పరుపుకు తగలకుండా లేపి, బెల్ కొడతాను. ఆయా కింది అంతస్తులో ఉంటే, పైకి వచ్చేదాకా ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చుంటాను.