ముఫాసా గొంతు, జూలోని సింహం

గత ఆదివారం మా మేనల్లుడిని విశాఖలోని ఇందిరా గాంధీ జూకు తీసుకువెళ్లాను. సింహం ఎన్‌క్లోజరు ముందు చాలాసేపు నిలబడి, చివరికి వాడు, "మామయ్యా, ఇది మహేశ్‌బాబులా మాట్లాడదేం?" అని నిరాశగా అడిగాడు. 2024 డిసెంబరులో డిస్నీ విడుదల చేసిన సింహం సినిమా 'ముఫాసా'ను, మహేశ్ గొంతుతో వచ్చిన తెలుగు అనువాదంలో, జగదాంబ సెంటరు దగ్గరి థియేటరులో మేమిద్దరం కలిసే చూశాం. అప్పటి నుంచి వాడి లెక్కలో సింహాలన్నీ తెలుగువే. ఈ సింహమేమో చెట్టు నీడలో పడుకుని, తోకతో ఈగలను తోలుకుంటూ, మా వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

దారిలో వాడికి 1998 ఏప్రిల్ 22న, ధరిత్రీ దినోత్సవం నాడు, ఫ్లోరిడాలో డిస్నీ సంస్థ తెరిచిన యానిమల్ కింగ్‌డమ్ పార్కు గురించి చెప్పాను. అక్కడ 145 అడుగుల కృత్రిమ వృక్షం మీద 300కు పైగా జంతువుల రూపాలు చెక్కి ఉంటాయి. సఫారీలో మాత్రం నిజమైన సింహాలే తిరుగుతాయి. 1995 నుంచి వన్యప్రాణుల కోసం ఆ సంస్థ ఒక నిధిని నడుపుతోంది, 2019లో ఆఫ్రికా సింహాల రక్షణకు విరాళాలూ ఇచ్చింది. బొమ్మలు అమ్ముకునేవారికి ఇదీ ఒక ప్రచారమేనన్న అనుమానం నాకు లేకపోలేదు గానీ, తెర మీది సింహం సంపాదనలో కొంతైనా అడవి సింహానికి చేరడం సబబే.

మన జూలోనూ డబ్బు కట్టి జంతువుల పోషణకు సాయపడే దత్తత పథకం ఉందని చెప్పగానే, ఇంటికి రాగానే వాడు తన కిడ్డీ బ్యాంకును నా ముందు బోర్లించాడు. లెక్కపెడితే 212 రూపాయలు.